తొమ్మిది కార్డులు

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. మొదటి జల్లు కురిసిన మధ్యాహ్నం, తడిసిన మేజోళ్ళు పిండుదామని వంగిన మా వదిన, అన్నయ్య కుడికాలి రెండో వేలు నల్లబడి ఉండడం చూసింది. అన్నయ్యకు ఆ సంగతి నెలరోజుల ముందే తెలుసు. మేజోడు విప్పకుండా పడుకుంటూ నెట్టుకొచ్చాడు.

అన్నయ్య కోట్లు కుట్టే దర్జీ. కింది భాగంలో కొట్టు, దాని వెనక కాపురం, పైన ఒంటిగది. ఆ పైగది నాది. పుస్తకాలకు విషయసూచికలు తయారుచేయడం నా వృత్తి. ఏ మాట ఏ పుటలో ఉందో చిన్న చిన్న అట్టకార్డుల మీద రాసుకుని, వాటిని అకారాది క్రమంలో పేర్చి ప్రచురణకర్తలకు పంపుతాను. పెళ్ళి చేసుకోలేదు. వారానికొకసారి గ్రంథాలయానికి పోవడం తప్ప మెట్లు దిగవలసిన అగత్యం నాకు పెద్దగా ఉండేది కాదు. వదిన నన్ను 'పండితుడూ' అని పిలిచేది. అందులో వెక్కిరింత ఎంతో, ఆదరం ఎంతో ఇరవై ఏళ్ళయినా నాకు తేలలేదు.

ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరు అన్నయ్య పాదం పైభాగాన రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇక్కడ నాడి కొట్టుకోవాలి. కొట్టుకోవడం లేదు," అన్నాడు చివరికి. "రోజుకెన్ని కాలుస్తారు?"

"ఓ పది," అన్నాడు అన్నయ్య.

"ఇరవై మూడు," అంది వదిన కిటికీ వైపు చూస్తూ.

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారమ్మా?"

"పీకలు ఊడ్చేదాన్ని నేనే కదండీ."

డాక్టరు నవ్వలేదు. "మీ వయసు నలభై నాలుగు. ఇది కొవ్వు పేరుకుని వచ్చేది కాదు, ఊపిరితిత్తులదీ కాదు. మీ కాళ్ళలో సన్నటి రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి, ఒకటొకటిగా మూసుకుపోతున్నాయి. దీన్ని ఆపే మందు నా దగ్గర లేదు. మీరు మానేస్తే అదే ఆగుతుంది. మానకపోతే ముందు వేళ్ళు, తరవాత పాదం, తరవాత మోకాలి కింది దాకా. వరస అదే."

"తగ్గిస్తేనో, డాక్టరుగారూ?"

"సగం తగ్గిస్తే సగం కాలు నిలుస్తుందనా? పొగాకు ఏ రూపంలోనూ వద్దు. కాల్చడం వద్దు, నమలడం వద్దు, పీల్చడం వద్దు."

అన్నయ్య కుట్టుమిషను తొక్కేది కుడికాలితో. మడమ ఆనించడు, బరువంతా పాదం ముందు భాగం మీదే. అతని కుట్టు నడక అంతా ఆ అయిదు వేళ్ళలో ఉందని వేరే చెప్పనక్కర లేదు.

తిరిగి వచ్చాక, ఇంటి ముందు గొడుగు మడుస్తూ వదిన తీర్పు చెప్పింది: "కొట్టుకి ఎదురుగా సిగరెట్ల బడ్డీ. పక్కన ఇంకోటి. వచ్చే ప్రతివాడి జేబులోనూ పెట్టె. మీ నోటికి తాళం వెయ్యలేను గానీ, తలుపుకి వెయ్యగలను." ఆపైన నా వైపు తిరిగింది. "నీ గదికి ఓ మనిషి వస్తున్నాడు పండితుడూ. పుస్తకాన్ని చూసుకున్నట్టు చూసుకో. బయటికి అరువివ్వకు."

మిషను పైకెక్కించడానికి బొత్తాలాయన సాయం పట్టాడు. దర్జీ కొట్లన్నీ తిరిగి బొత్తాలు అమ్ముకునే మనిషి. అన్నయ్యకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. పొగలో కూడా స్నేహితుడే. మిషను దించి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, "నిన్ను జైల్లో పెడితే పెట్టారు గానీ, జైలరు మాత్రం మంచి చదువుకున్నవాడు దొరికాడురా," అన్నాడు.

"అదేరా నా భయం," అన్నాడు అన్నయ్య.

మూడు గోడలకు పుస్తకాల అరలు. నాలుగో గోడకు ఊచల కిటికీ. కిటికీ కింద మిషను. నా బల్లను తలుపు పక్కకు జరిపి గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను. మెట్ల దగ్గరి తలుపుకు బయట తాళం పడింది. తాళంచెవి వదిన నడుముకు కట్టుకునే కత్తెర సంచిలోకి పోయింది. నేను కిందికి పోవలసివస్తే లోపలి నుంచి తట్టాలి. ఏకాంతాన్ని కోరి తెచ్చుకున్న మనిషిని కదా, తలుపు మూసి ఉండడం నాకు కొత్త కాదనుకున్నాను. మనం వేసుకున్న గడియకు, ఇంకొకరు వేసిన తాళానికి ఎంత తేడా ఉందో మొదటి రోజు సాయంత్రానికే తెలిసింది.

మొదటి మూడు రోజులూ అన్నయ్య నడిచాడు. నొప్పి పుట్టే కాలితోనే, ఎనిమిది అడుగుల గదిలో, అటూ ఇటూ. రెండు పూటల తిండి ఒక పూటే తిన్నాడు, అరగంటకు మళ్ళీ ఆకలన్నాడు. దారం సూదిలోకి ఎక్కక సూదిని తిట్టాడు, దారాన్ని తిట్టాడు, వానను తిట్టాడు, చివరికి నా కలం చేసే గీరు చప్పుడును కూడా తిట్టాడు.

"ఏం రాస్తున్నావురా అంతసేపు?"

"వంతెనల మీద ఒక పుస్తకం. దానికి సూచిక."

"చదువుకున్నవాడే చదవడు ఆ పుస్తకం, దానికి నువ్వు దారి చూపిస్తావు. నీ పుస్తకాల్లో నాకేమైనా దారి రాశారేమో చూడకూడదూ?"

నాలుగో రోజు అతను ఒక న్యాయవాది కోటుకు చేతులు కత్తిరించాడు. రెండూ కత్తిరించి, పక్కపక్కన పరిచి, కాసేపు చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. లేచి వెళ్ళి చూశాను. రెండూ ఎడమ చేతులే.

"ఇరవై ఆరేళ్ళ పనిరా. మొదటి ఏడు కూడా ఇలా కొయ్యలేదు. రెండు ఎడమ చేతులున్న వకీలు ఎక్కడైనా ఉంటే పిలుచుకురా, కోటు సిద్ధం," అన్నాడు. ఆ నవ్వు ఆగలేదు. ఆగినప్పుడు చూస్తే అతని ముఖమంతా తడిగా ఉంది. నేను అతన్ని అలా చూడడం అదే మొదటిసారి. చూడనట్టు నటించడం కూడా.

మరునాడు తలుపు తట్టి, తీయించుకుని, గ్రంథాలయానికి వెళ్ళాను. నా పద్ధతి నాకుంది. 'పొగ' అన్న మాట కింద వెతికాను. 'మానడం' అన్న మాట కింద వెతికాను. లావుపాటి గ్రంథమొకటి దొరికింది. సిగరెట్టు పొగలో వేల పదార్థాలు ఉన్నాయని, క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు తారులో ఉన్నాయని, రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించేది మరొక విషవాయువని, మనిషిని మళ్ళీ మళ్ళీ పెట్టె దగ్గరకు లాక్కువచ్చేది మాత్రం నికొటిన్ అని అందులో విడమరిచి ఉంది. పొగ మానేవారి కోసం ఆ ఒక్క పదార్థాన్నే కొంచెం కొంచెంగా అందించే నమిలే బిళ్ళలున్నాయి. తారు లేదు, పొగ లేదు, నిప్పు లేదు. అన్నిటినీ కార్డుల మీదకు ఎత్తి రాసుకున్నాను. మందుల దుకాణంలో అడిగితే, ఎవరికి, ఎందుకు అనకుండా పెట్టె తీసి ఇచ్చాడు.

మొదటి బిళ్ళను అన్నయ్య అనుమానంగా నమిలాడు. పెట్టె మీద రాసినట్టే, నాలుక చురుక్కుమన్నాక దాన్ని బుగ్గన పెట్టుకోమన్నాను. ఒకసారి ఎక్కిళ్ళు వచ్చాయి. పావుగంటకు అతని భుజాలు కిందికి దిగాయి. సూది అందుకుని ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించాడు.

"ఇదేదో మొదటి రోజే తేకపోయావా, పుణ్యం ఉండేది."

"వదినకు చెబుతాను. డాక్టరు చెవిన కూడా వేస్తే..."

"వద్దు." సూది ఆగిపోయింది. "దానికి చెప్పకు. నా అంతట నేనే మానేశాననుకుంటోంది. పొద్దున తలుపు తీసినప్పుడు ఏమందో విన్నావుగా? 'మీరు ఇంత గట్టివాళ్ళని తెలీదండీ' అంది. పెళ్ళయినప్పట్నుంచీ అది నన్ను మెచ్చుకుంది ఈ వారమేరా. దాన్ని నాకు ఉండనీ."

ఉండనిచ్చాను. నాకైనా, నేను చేసిన పని తప్పన్న అనుమానం లేదు. పొగాకు వద్దన్నాడు డాక్టరు. ఇది మందుల దుకాణం సరుకు. రోజుకు ఎనిమిదికి మించకూడదని నియమం పెట్టాను. ఏ రోజు ఎన్ని బిళ్ళలో ఒక కార్డు మీద రాసి, అన్నయ్య చూస్తుండగానే పెట్టెలో వేసేవాణ్ణి. ఆ కార్డుల మీదే పాదం సంగతులు కూడా రాసేవాణ్ణి. రోజూ పొద్దున డాక్టరు ఆనించిన చోటే నేనూ రెండు వేళ్ళు ఆనించి నాడి కోసం వెతికేవాణ్ణి.

ఇంట్లో శాంతి దిగింది. మిషను రోజంతా నడిచేది. వదిన తలుపు తీసి టీ ఇచ్చి వెళ్తూ, గుమ్మంలో ఒక నిమిషం ఆగేది. "కంచె గట్టిదే," అనేది నా వైపు చూసి. నాకు సిగ్గు వేసేది కాదు, గర్వంగా ఉండేది. నిజం దాచిన గర్వం కాదది. పుస్తకం ఒకటి మనిషికి పనికొచ్చిందన్న గర్వం.

పాదం మాత్రం మా మాట వినలేదు. నల్లబడిన వేలి మీద పడిన పుండు మూసుకోలేదు. పక్కవేలు చల్లబడింది. పడుకుంటే నొప్పి ఎక్కువై, మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడదీసుకునేవాడు. అప్పుడు కాస్త రక్తం దిగి నొప్పి తగ్గేది. ఎనిమిది బిళ్ళలు పదకొండయ్యాయి. పదకొండు పద్నాలుగయ్యాయి. అయిదో వారంలో ఒక కార్డు మీద నా చేతితోనే ఇలా రాసుకున్నాను: 'బిళ్ళ వేసుకున్న పావుగంటకు వేళ్ళు మరింత పాలిపోతున్నాయి. వాన చలి వల్ల కావచ్చు.' కళ్ళ ముందున్న దాన్ని చూశాను, రాశాను, దానికి తప్పు కారణం తగిలించి పెట్టెలో వేశాను.

ఏడో వారంలో డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళాం. పాదం చూసి ముఖం ముడిచాడు. మూత్రం పరీక్షకు పంపి, కాగితం వచ్చేదాకా మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక కాగితాన్ని వదిన వైపే తిప్పి పెట్టాడు.

"ఒంట్లో నికొటిన్ తిరుగుతోంది. కొంచెం కాదు, బాగానే ఉంది. అంటే, కాలుస్తున్నాడు."

"ఒట్టు డాక్టరుగారూ. ఆ రోజు నుంచి ఒక్క సిగరెట్టు ముట్టుకుంటే నా చేతులు పడిపోవాలి."

"మీరు అబద్ధం ఆడవచ్చు. మూత్రానికి ఆ తెలివి ఉండదు."

వదిన కాగితం వైపు చూస్తూ కూర్చుంది. అన్నయ్య నా వైపు చూశాడు. ఒక్క క్షణం. ఆ చూపులో వద్దన్న మాట ఉంది. నేను మాట్లాడాలి కదా? బిళ్ళల వల్ల వచ్చిన నికొటిన్ ఇది, కంగారు పడవద్దు అని వివరించాలి కదా? వాక్యం కూడా తయారైంది. వాక్యాలు తయారుచేసుకోవడంలో నాకు ఇబ్బంది ఎప్పుడూ లేదు. పెదవి దాటించడంలోనే.

వాన చినుకుల్లో ఇంటికి వస్తుంటే వదిన అంది: "నిప్పు లేందే పొగ రాదు."

"పొగే లేదే మొర్రో అంటుంటే!" అన్నాడు అన్నయ్య.

"మరి కాగితం మీదికెక్కడ్నుంచి వచ్చిందండీ? పైకప్పు కారిందా?"

ఆ సాయంత్రం ఆమె పైగది సోదా చేసింది. పరుపు తిప్పింది, మిషను సొరుగు ఒంపింది, కోట్ల జేబులన్నీ వెనక్కి లాగింది, అన్నయ్య చొక్కాలు ఒక్కొక్కటే వాసన చూసింది. నా బల్ల వైపు రాలేదు. కంచెను ఎవరు సోదా చేస్తారు? బిళ్ళల పెట్టె నా కార్డుల వెనకే ఉంది.

మర్నాడు బొత్తాలాయన వచ్చాడు. మెట్ల కింద ఆమె అతని కొయ్యపెట్టె తెరిపించడం పైకి వినిపించింది. తరవాత జేబులు.

"ఇదేంటి?"

"సిగరెట్టు పెట్టె. నాదమ్మా."

"ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి బొత్తాలే తెస్తున్నారనుకున్నాను."

"అమ్మా, నా జేబులో ఉన్నది నాకే చాలదు. వాడికెక్కడ ఇస్తాను?"

"కాలు తీసేస్తారట. తీసేసిన కాలికి మీరు బొత్తాలు కుడతారా? ఇంక రాకండి."

కొయ్యపెట్టె మూసిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిన చప్పుడు విన్నాం. అన్నయ్య కుట్టు మధ్యలో ఆపి, దారం కొరికి, మళ్ళీ కట్టాడు. అతని బుగ్గన బిళ్ళ ఉంది. నా నోట్లో ఏమీ లేదు. ఇద్దరం ఒక్కలాగే మాట్లాడకుండా కూర్చున్నాం.

ఆ రోజే గ్రంథాలయానికి వెళ్ళాను. నా వృత్తిలో మొదటి సూత్రం ఒకటుంది: చదివేవాడు ఏ వాకిలి గుండా లోపలికి వస్తాడో మనకు తెలియదు గనుక, ప్రతి విషయానికీ ఉన్న అన్ని వాకిళ్ళూ తెరిచి ఉంచాలి. ఇతరుల పుస్తకాలకు ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తూ వచ్చినవాణ్ణి, మా అన్నయ్య విషయంలో రెండే వాకిళ్ళు తట్టి తిరిగి వచ్చాను. ఈసారి 'రక్తనాళాలు' అన్న మాట కింద వెతికాను. వేరే అర, వేరే పుస్తకం. పుట సగంలో ఉంది. నికొటిన్ సన్నటి నాళాలను బిగిస్తుందనీ, గుండె వేగాన్ని పెంచుతుందనీ ముందు రాసి, ఈ జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని ఏ రూపంలో తీసుకున్నా జబ్బు రగులుతూనే ఉండవచ్చనీ, నమిలే బిళ్ళలు, ఒంటికి అంటించే పట్టీలు కూడా ఇందుకు మినహాయింపు కాదనీ ఆ తరవాత రాశారు. మూడు పంక్తులు. నిలబడే చదివాను. కార్డు మీద రాసుకోబోయి, మానేశాను.

తిరిగి వచ్చి, వదిన బయటి నుంచి తలుపు మూసి తాళం వేసేదాకా ఆగి, అన్నయ్యకు చెప్పాను. అతను మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే విన్నాడు.

"అయితే సిగరెట్టూ, ఇదీ ఒకటేనా?"

"నీ కాలికి ఒకటే."

"ఏడు వారాలూ?"

"ఏడు వారాలూ."

చాలాసేపు చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పాడు. తరవాత, నేను భయపడిన మాట కాక, దానికన్నా ఘోరమైన మాట అన్నాడు: "సరే. రేపట్నుంచి మానేస్తా. ఇప్పుడొకటియ్యి."

"అన్నయ్యా..."

"ఒక్కసారిగా ఆపితే ఏమయిందో చూశావుగా? రెండు ఎడమ చేతులు. రోజుకో రెండు తగ్గిద్దాం. ఓ పది రోజుల్లో అదే పోతుంది. దానికి చెప్పక్కర్లేకుండానే పోతుంది. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలీదు." చెయ్యి చాపాడు. నా బట్టల కొలతలన్నీ ఎరిగిన చెయ్యి. చిన్నప్పుడు రోడ్డు దాటించిన చెయ్యి. "కాలు నాదిరా. ఇయ్యి."

ఇచ్చాను.

ఇంతకన్నా దాని గురించి రాయడానికి నాకు మాటలు లేవు. డాక్టరు మాట నాకు గుర్తుంది: సగం తగ్గిస్తే సగం కాలు నిలుస్తుందనా? గుర్తుండగానే ఇచ్చాను. వదినకు చెబితే ఆమె ముఖం చూడాలి. చెప్పకపోతే పాదం చూడాలి. పాదం మేజోడు కింద ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నేను మాత్రం ఆ రెంటి మధ్య ఒక కుర్చీ వేసుకుని తొమ్మిది రోజులు కూర్చున్నాను. కార్డులు మాత్రం రాశాను. తొమ్మిది, తొమ్మిది, ఏడు, ఎనిమిది, ఆరు, ఆరు, ఏడు, అయిదు, ఆరు. తగ్గుతున్నట్టు కనిపించే అంకెలు.

ఆ రోజుల్లో వాన ఒక్క గంట కూడా తెరిపి ఇవ్వలేదు. పుస్తకాల అట్టలు ఉబ్బాయి. కిటికీ ఊచలకు చెమ్మ పట్టింది. వదిన అన్నయ్యతో మాట్లాడడం మానేసింది. టీ గ్లాసు గుమ్మంలో పెట్టి తలుపు మూసేది. తాళం పడిన చప్పుడు విన్న ప్రతిసారీ అన్నయ్య తల ఎత్తేవాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మేజోడు విప్పితే వాసన వచ్చింది. నల్లదనం మూడో వేలికి పాకి, పాదం మీదికి గీతలా ఎక్కింది. అన్నయ్య చూసి, మళ్ళీ మేజోడు వేసుకోవడానికి ప్రయత్నించాడు. సగం దాకా లాగి, వదిలేశాడు.

నేను లేచి నా గది తలుపును లోపలి నుంచి తట్టాను.

వదిన కింద దీపం దగ్గర బొత్తాం కాజాలు కుడుతోంది. తలుపు తీసి మళ్ళీ పనిలో కూర్చుంది. నేను ఆమె వెనకే దిగి, బిళ్ళల పెట్టెను ఆమె ఒళ్ళో ఉన్న నల్లగుడ్డ మీద పెట్టాను.

"ఏంటిది?"

"అన్నయ్య సిగరెట్టు కాల్చలేదు వదినా. ఒక్కటి కూడా కాల్చలేదు. ఇది నేనిచ్చాను."

పెట్టె తిప్పి పేరు చదివింది. "దీన్లో ఉందా అది?"

"ఉంది."

"ఎప్పట్నుంచి ఇస్తున్నావు?"

"మొదటి వారం నుంచి. పొగ కాదు గదా, మంచిదనుకున్నాను. కాదట. కాలికి తేడా లేదట."

"ఆ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

నా జీవితంలో నేను కచ్చితత్వాన్ని తప్ప దేన్నీ పూజించలేదు.

"ఇవాళే," అన్నాను.

ఆమె చేతిలోని కాజాకు ఇంకా నాలుగైదు కుట్లు మిగిలి ఉన్నాయి. అవి పూర్తిచేసింది. దారం కత్తిరించింది. "కంచే చేను మేసిందన్నమాట," అంది నాతో కాక, ఆ గుడ్డతో. కత్తెర సంచిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "తలుపు తీసే ఉంచు. ఇంక దేనికి?" తరవాత గొడుగు తీసుకుంది. డాక్టరుకు చెప్పడానికని అనుకున్నాను. ముందు అక్కడికే వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు మూడు వీధులు చుట్టి బొత్తాలాయన ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, క్షమించమని అడిగి వచ్చిందని తరవాత అతనే చెప్పాడు.

పాదం ముందు భాగం తీసేశారు, అయిదు వేళ్ళతో సహా. డాక్టరు కాగితాలు సర్దుకుంటూ, ఎవరినీ ఉద్దేశించకుండా, "మొదట్లోనే పూర్తిగా ఆపి ఉంటే బహుశా ఒక వేలితో పోయేది," అన్నాడు. ఆసుపత్రి మంచం మీద అన్నయ్యకు బిళ్ళ లేదు, సిగరెట్టు లేదు. దుప్పటి కొరికాడు. నర్సులను తిట్టాడు, తరవాత ఒక్కొక్కరినీ పిలిచి బతిమాలుకున్నాడు. నాలుగు వారాలకు మూత్రం శుభ్రంగా వచ్చింది. గాయం మానింది. జబ్బు అక్కడ ఆగింది. ఎడమకాలు ఇప్పటికీ వెచ్చగా ఉంది.

వానలు వెళ్ళిపోయాయి. మిషను మళ్ళీ కిందికి దిగింది. వదిన నాకు వేళకు భోజనం పంపేది. నాతో గానీ, నా గురించి గానీ మాట్లాడేది కాదు. 'పండితుడూ' అన్న పిలుపు కోసం నేను మెట్ల మీద చెవి పెట్టి వింటానని అనుకోలేదు. విన్నాను.

ఒక పొద్దున అన్నయ్యే పిలిచాడు. బూటు ముందు భాగం ఖాళీగా ఉండి మడతపడుతోంది, తొక్కుడుపలక మీద పట్టు దొరకడం లేదు. ఆ ఖాళీకి సరిపోయేలా ఒక దిండు కుడుతున్నాడు, కోటు లోపలి కాన్వాసుతో, ఉన్నితో. తన పాదానికి తనే కొలత తీసుకున్నాడు, ఎవరో ఖాతాదారుడి భుజానికి తీసుకున్నంత శ్రద్ధగా.

"మెత్తగా ఉందిరా. లోపల గట్టిదేదైనా పడాలి. నీ అట్టకార్డులు ఇవ్వు. వంతెనలవి వద్దు పాపం, నా జబ్బువే ఇవ్వు."

పెట్టె తెచ్చి ఇచ్చాను. తారు, విషవాయువు, ప్రాణవాయువు, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు, 'వాన చలి వల్ల కావచ్చు'. ఒకదాని మీద ఒకటి పేర్చి, సుద్దముక్కతో గీత గీసి, పెద్ద కత్తెరతో పాదం ఆకారానికి కోశాడు. కాన్వాసులో పెట్టి బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇంకొంచెం కావాలి."

"అయిపోయాయి."

కత్తెర కింద పెట్టాడు. తల ఎత్తలేదు. "ఇంకా తొమ్మిది ఉండాలి," అన్నాడు.

గోడవార వదిన కాజాలు కుడుతోంది. నేను పైకి వెళ్ళాను. నిఘంటువు పుటల మధ్య దాచిన తొమ్మిది కార్డులూ తీసి, తెచ్చి, అన్నయ్య చేతిలో పెట్టాను. అతను ఒక్కొక్కటే చూశాడు. తేదీ చూశాడు, అంకె చూశాడు. చూసిన దాన్ని చూసినట్టే బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు. తొమ్మిదీ అయ్యాక కలిపి పట్టుకుని కోశాడు, మిగతావాటి మధ్యలోకి దూర్చాడు, కాన్వాసు మూసి చుట్టూ కుట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటా తొమ్మిది?" అంది వదిన.

"మందం," అన్నాడు అన్నయ్య.

కుట్టు పూర్తయింది. దిండును బూటులో పెట్టి, కాలు దూర్చి, లేసులు బిగించి, మిషను ముందు కూర్చున్నాడు. ఒక పాత గుడ్డముక్క సూది కింద పెట్టి మెల్లగా తొక్కాడు. పలక దిగింది, లేచింది, దిగింది. చక్రం అందుకుంది.

వదిన కాసేపు ఆ కాలినే చూసింది. "పోన్లెండి," అంది, మళ్ళీ సూదిలోకి చూపు దించుతూ. "పండితుడి రాతలు ఇన్నాళ్ళకి ఒకరి కాలికైనా పనికొచ్చాయి."

నేను గుడ్డ రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య కొస దాకా కుట్టి, ఆపి, గుడ్డను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"వంకర పోయిందా?" అని అడిగాడు నన్ను.

"కొద్దిగా. ఎడమకి," అన్నాను. అది నిజం.